సేనాని రాజైన తీరు

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి పోవువారికి 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము కనబడును. ఆ విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యులుగా పనిచేసిన హారూన్ ఖాన్ షేర్వానీగారు బహమనీల చరిత్రను, కుతుబ్‌షాహీల చరిత్రను వ్రాసినారు. ఆ రెండు వంశములకును నడుమ నిలిచినవాడు సుల్తాన్ కులీ.

మధ్యయుగమున తురుష్క సేనానులు సింహాసన మెక్కుట పెక్కుచోట్ల జరిగినది. 977లో గజనీకి ప్రభువైన సబుక్తగీను, 1206లో ఢిల్లీ సల్తనతుకు పునాది వేసిన కుత్బుద్దీన్ ఐబకు, తరువాతి ఇల్తుత్‌మిష్ ముగ్గురును బానిసలుగా కొనబడినవారే. బాలురను కొని, గుఱ్ఱపుస్వారియు విలువిద్యయు నేర్పి సేనలో పెంచుట ఆనాటి పద్ధతి. బంధుబలము లేనివాడు తనకే విశ్వాసపాత్రుడై యుండునని ఏలిక నమ్మిక. కాని ఏలిక గతించిన పిదప సేన ఎవరి మాట వినునో, రాజ్యము వారిదైనది.

సుల్తాన్ కులీ బానిస కాడు. హమదాను ప్రాంతపు తుర్కమాను వంశీయుడు. 1467లో తన వంశప్రభువు జహాన్ షా శత్రువులచే హతుడైన పిమ్మట, ఆ కుటుంబమునకు స్వదేశమున నిలువ నీడ కరవైనది. అతడు దక్కనుకు వచ్చి, బీదరు బహమనీల కొలువున చేరి, కుతుబుల్ముల్కు అను బిరుదము పొంది, తెలంగాణమునకు తరఫుదారైనాడు. తరఫుదారనగా సీమ శిస్తు వసూలుచేసి, ఆ సొమ్ముతో సైన్యమును పోషించువాడు. శిస్తు, సేన, గోలకొండ కోట మూడును ఒక్కని చేత చిక్కినవి. ఇక కొఱతపడినది రాజను పేరు మాత్రమే.

ఆ పేరునకై అతడు తొందరపడలేదు. గోలకొండలో 1518 నాటి జామా మసీదు శాసనము మహమూద్ షా బహమనీనే ప్రభువుగా పేర్కొనుచున్నది. సమాధిపై సైతము ‘షా’ అని లేదు. జనులు ‘బడే మాలిక్’ అని పిలిచెడివారని మాత్రము కలదు.

అయితే కత్తితో వచ్చిన అధికారమునకు వారసత్వ మెట్లు? 1543లో కుమారుడు జంషీదు ప్రేరణచే ఆ వృద్ధుడు హతుడైనాడు. చిన్న కుమారుడు ఇబ్రహీము విజయనగరమున ఏడేండ్లు తలదాచుకొని, 1550లో గోలకొండ గద్దె నెక్కినాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అతనికి అంకితమిచ్చినాడు. అతని అధికారి అమీన్‌ఖానునకు పొన్నికంటి తెలగనార్యుని అచ్చతెనుగు కావ్యము ‘యయాతిచరిత్రము’ అంకితమైనది. అయినను 1565లో, తనకు ఆశ్రయమిచ్చిన అళియరామరాయలపైకే ఇబ్రహీము సేనతో కదలినాడు. కవిత్వము రాజనీతిని మార్చలేదు.

మారినది వేఱొకటి. తండ్రి పరదేశపు సేనానిగా వచ్చి ‘మాలిక్’ అనిపించుకొన్నాడు. కుమారుని నాటికి ఆ మాటయే తెలుగు కవుల నోట కరగి, ‘మల్కిభరాముడు’ అయినది. 1687 వఱకు నిలిచిన ఆ వంశమునకు కోటగోడ యెంత అండయో, ఈ పలుకుబడియు నంతే అండ.