నమూనా ట్యాంకు నిర్మాణానికి ఆధారాలు

నమూనా ట్యాంకు అనగా నిజమైన యుద్ధ ట్యాంకును నిర్ణీత నిష్పత్తిలో చిన్నదిగా చేసి తయారు చేసిన ప్రతిరూపం. ప్లాస్టిక్ కిట్ భాగాలను అతికించి గాని, చెక్క, అట్ట, లోహపు రేకు వంటి వాటితో సొంతంగా గాని దీనిని తయారు చేస్తారు. కిట్‌తో వచ్చే సూచనల పత్రం భాగాలను ఏ వరుసలో అతికించాలో మాత్రమే చెబుతుంది. తయారైన నమూనా నిజమైన ట్యాంకును ఎంతవరకు పోలి ఉన్నదో తేల్చుకొనడానికి వేరే ఆధారాలు కావాలి. ఛాయాచిత్రాలు, కొలతల చిత్రాలు, సైనిక పత్రాలు, పరిశోధన గ్రంథాలు, సంగ్రహాలయాలలో మిగిలి ఉన్న ట్యాంకులు ఇందుకు ముఖ్యమైన ఆధారాలు. వీటిలో ప్రతి దానికీ కొన్ని లోపాలు ఉన్నవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు జర్మనీ ట్యాంకు టైగర్ 1 ఈ విషయానికి మంచి ఉదాహరణ.

నిష్పత్తి

ట్యాంకు నమూనాలలో ఎక్కువగా వాడుకలో ఉన్న నిష్పత్తి 1/35. అనగా నిజమైన ట్యాంకుపై 35 మిల్లీమీటర్లు నమూనాపై 1 మిల్లీమీటరు అవుతుంది. జపాన్‌కు చెందిన తామియా సంస్థ 1960ల తొలినాళ్ళలో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్‌ను తయారు చేసినపుడు, లోపల బ్యాటరీలు పట్టేందుకు వీలుగా ఈ పరిమాణాన్ని ఎంచుకొన్నది. తరువాత ఇతర సంస్థలు కూడా దీనినే అనుసరించాయి. 1/72, 1/48 నిష్పత్తులు కూడా వాడుకలో ఉన్నవి.

టైగర్ 1 ముఖ్య కొలతలు, 1/35 నిష్పత్తిలో వాటి విలువలు ఇలా ఉంటాయి:

* ఫిరంగితో కలిపి పొడవు: 8.45 మీటర్లు - నమూనాలో సుమారు 241 మి.మీ.
* ఫిరంగి లేకుండా దేహం పొడవు: 6.32 మీటర్లు - సుమారు 180 మి.మీ.
* యుద్ధంలో వాడే ట్రాకు వెడల్పు: 725 మి.మీ. - సుమారు 20.7 మి.మీ.
* రైలు ప్రయాణంలో వాడే ట్రాకు వెడల్పు: 520 మి.మీ. - సుమారు 14.9 మి.మీ.
* దేహం ముందు కవచం మందం: 100 మి.మీ. - సుమారు 2.9 మి.మీ.

ఒకే పేరు, అనేక రూపాలు

టైగర్ 1 ట్యాంకులను 1942 ఆగస్టు నుండి 1944 ఆగస్టు వరకు జర్మనీలోని కాసెల్ నగరంలో హెన్షెల్ సంస్థ తయారు చేసింది. మొత్తం సంఖ్య సుమారు 1,350. ఈ రెండేళ్ళలో యుద్ధ అనుభవాన్ని బట్టి, సామగ్రి కొరతను బట్టి ట్యాంకులో అనేక మార్పులు జరిగాయి.

* 1943 మే నుండి 21 లీటర్ల ఇంజను (హెచ్‌ఎల్ 210) స్థానంలో 23 లీటర్ల ఇంజను (హెచ్‌ఎల్ 230) వచ్చింది.
* 1943 జూలై నుండి టరెట్ పైన కమాండరు బయటకు చూసే కుపోలా మారింది. అంతకు ముందు డ్రమ్ము ఆకారంలో ఎత్తుగా ఉండేది. తరువాత పెరిస్కోపులు అమర్చిన, ఎత్తు తక్కువ గల కుపోలా వచ్చింది.
* 1943 సెప్టెంబరు ప్రాంతంలో అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా జిమ్మెరిట్ అనే గరుకు లేపనాన్ని కవచంపై పూయడం మొదలయింది.
* 1944 ఫిబ్రవరి నుండి రబ్బరు అంచు గల చక్రాలకు బదులు ఉక్కు అంచు గల చక్రాలు వచ్చాయి. పాత పద్ధతిలో ఒక్కొక్క వైపు 8 ఇరుసులపై 24 చక్రాలు ఉండగా, కొత్త పద్ధతిలో 16 ఉన్నవి.

ఈ కారణంగా టైగర్ 1 కి సాధారణ రూపం అనేది ఒకటి లేదు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో ఉన్న టైగర్‌కు జిమ్మెరిట్ పూత వేయడం, 1944 వేసవిలో తయారైన టైగర్‌కు డ్రమ్ము ఆకారపు కుపోలా పెట్టడం రెండూ పొరపాట్లే. ఆధారాలను వెదకడానికి ముందే ఏ సంవత్సరపు, ఏ దళానికి చెందిన, వీలైతే ఏ సంఖ్య గల ట్యాంకును తయారు చేయదలచుకొన్నదీ నిర్ణయించుకొనవలెను. ఆ తరువాత దొరికిన ప్రతి ఆధారాన్ని ఆ కాలానికి, ఆ ట్యాంకుకు ఎంత దగ్గరగా ఉన్నదో చూసి తూచవచ్చును.

ఆధారాల రకాలు

సంగ్రహాలయాలలోని ట్యాంకులు

నిజమైన ట్యాంకును చుట్టూ తిరిగి చూడగలగడం అన్నింటికంటే పెద్ద సౌకర్యం. వెల్డింగు అతుకులు, బోల్టుల తలలు, పోత పోసిన లోహపు గరుకుదనం వంటివి చిత్రాలలో కంటే ఇక్కడ స్పష్టంగా తెలుస్తాయి. ఇంగ్లాండులోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131 వీటిలో అత్యంత ప్రసిద్ధి పొందినది. దీని షాసీ సంఖ్య 250122. జర్మనీ 504వ భారీ ట్యాంకు దళానికి చెందిన ఈ ట్యాంకును బ్రిటిష్ సైన్యం 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో స్వాధీనం చేసుకొన్నది. 1951లో ఇది మ్యూజియానికి చేరింది. 1990లో పునరుద్ధరణకై తీసివేయబడి, 2003లో నడిచే స్థితిలో తిరిగి వచ్చింది.

ఇంత ప్రామాణికమైన ట్యాంకు కూడా 1943 నాటి స్థితిలో యథాతథంగా లేదు. పట్టుబడిన తరువాత ఇతర టైగర్ల భాగాలతో దీనికి మరమ్మతులు జరిగాయి. పరిశీలన కొరకు బ్రిటన్‌లో దీని భాగాలను విడదీశారు. మొదట దీనిలో ఉన్నది హెచ్‌ఎల్ 210 ఇంజను కాగా పునరుద్ధరణలో హెచ్‌ఎల్ 230 ఇంజనును అమర్చారు. ఇంజను గది తెరిచి ఉన్న నమూనాను తయారు చేసేవారు నేటి ఛాయాచిత్రాన్ని మాత్రమే నమ్మితే ఆ ట్యాంకులో యుద్ధ సమయంలో లేని ఇంజనును పెట్టినట్లవుతుంది. కాబట్టి సంగ్రహాలయంలోని ట్యాంకును చూసేటపుడు దాని ఆకారం, కొలతలతో పాటు దానికి తరువాత జరిగిన మార్పుల చరిత్రను కూడా తెలుసుకొనవలెను.

యుద్ధకాలపు ఛాయాచిత్రాలు

ఒక ట్యాంకు ఒక నిర్దిష్ట దినాన ఎలా ఉన్నదో చెప్పగలిగేది ఆనాటి ఛాయాచిత్రమే. పైన కట్టిన సామాను, విరిగిన బురద రేకు, ఊడిపోయిన చక్రం వంటివి మరే ఆధారంలోనూ దొరకవు. జర్మనీ జాతీయ అభిలేఖాగారమైన బుండెస్‌ఆర్కివ్, లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఇటువంటి చిత్రాలకు పెద్ద నిలయాలు. బుండెస్‌ఆర్కివ్ 2008 డిసెంబరులో 80,000కు పైగా చిత్రాలను వికీమీడియా కామన్స్‌కు అందజేసింది.

ఛాయాచిత్రాలను వాడేటపుడు గమనించవలసిన విషయాలు:

* చిత్రం క్రింది వ్యాఖ్యలో తేదీ, స్థలం, ట్యాంకు పేరు తప్పుగా ఉండవచ్చును. చాలా వ్యాఖ్యలు ప్రచారం కొరకు గాని, ఎన్నో ఏళ్ళ తరువాత ఊహించి గాని వ్రాసినవి.
* చిత్రం ట్యాంకు పట్టుబడక ముందు తీసినదా, తరువాత తీసినదా అన్నది ముఖ్యం. టైగర్ 131 ను ట్యునిస్‌లో ప్రదర్శనకు ఉంచినపుడు దానిపై బ్రిటిష్ దళాల చిహ్నాలను చిత్రించారు. ఆ చిత్రాలను చూసి జర్మనీ సేవలో ఉన్న ట్యాంకుపై అవే చిహ్నాలను వేయకూడదు.
* ఒక ప్రక్క నుండి తీసిన చిత్రం రెండవ ప్రక్క గురించి ఏమీ చెప్పదు. కొన్ని పుస్తకాలలో చిత్రాలు కుడి ఎడమలు తారుమారై ముద్రింపబడినవి. టరెట్‌పై సంఖ్యను చదివి దీనిని గుర్తించవచ్చును.

సైనిక పత్రాలు

ట్యాంకును నడిపే సిబ్బంది కొరకు ముద్రించిన చేతి పుస్తకాలు, మరమ్మతు సూచనలు, విడి భాగాల జాబితాలు ఈ కోవలోనివి. టైగర్ సిబ్బంది శిక్షణకు 1943 ఆగస్టులో టైగర్‌ఫీబెల్ అనే చేతి పుస్తకం వెలువడింది. వ్యంగ్య చిత్రాలతో, పద్యాలతో కూడిన ఈ పుస్తకం ట్యాంకు పని తీరును, నిర్వహణను తెలుసుకొనుటకు బాగా ఉపయోగపడుతుంది. టైగర్ 131 ను పరిశీలించి బ్రిటిష్ నిపుణులు తయారు చేసిన నివేదికలు మరింత విలువైనవి. అవి ఒక నిర్దిష్ట ట్యాంకును ఎదుట ఉంచుకొని వ్రాసినవి కాబట్టి ఆ ట్యాంకు కొలతలకు, లోపలి అమరికకు గట్టి ఆధారాలు. అయితే సైన్యం జారీ చేసిన ఆదేశం వేరు, క్షేత్రంలో జరిగినది వేరు. ఒక మార్పుకు ఆదేశం వచ్చిన రోజునే ట్యాంకులన్నీ మారిపోలేదు. కర్మాగారంలో ఉన్న పాత భాగాలు అయిపోయే వరకు వాటినే వాడిన సందర్భాలు ఉన్నవి.

కొలతల చిత్రాలు

పుస్తకాలలో ముద్రించే ముందు, వెనుక, ప్రక్క, పై భాగాల రేఖాచిత్రాలను కొలతల చిత్రాలు అంటారు. ఇవి చూడడానికి కచ్చితంగా కనిపిస్తాయి. కాని పాత చిత్రాన్ని చూసి గీసిన కొత్త చిత్రంలో పాత తప్పులు కూడా చేరుతాయి. ముద్రణలో, నకళ్ళు తీయడంలో చిత్రం పరిమాణం కొద్దిగా మారుతుంది. అందువలన వాడే ముందు పరీక్షించుకొనవలెను. తెలిసిన కొలతలు రెండు మూడింటిని 35తో భాగించి స్కేలుతో సరి చూడవలెను. ఒక కొలత పొడవునకు, ఒకటి వెడల్పునకు, ఒకటి ఎత్తునకు చెందినవై ఉంటే మంచిది. పొడవు సరిపోయి ఎత్తు తప్పిన చిత్రాన్ని కేవలం అమరిక తెలుసుకొనుటకే వాడుకొనవలెను.

పరిశోధన గ్రంథాలు

జర్మనీ ట్యాంకులపై వాల్టర్ స్పీల్‌బెర్గర్, థామస్ జెంట్జ్, హిలరీ డోయల్ చేసిన కృషి ప్రసిద్ధమైనది. జెంట్జ్, డోయల్ టైగర్ 1 పై వెలువరించిన గ్రంథం (2000) యుద్ధకాలపు అసలు పత్రాలను, మిగిలి ఉన్న ట్యాంకుల కొలతలను ఆధారం చేసుకొని, ఏ మార్పు ఎప్పుడు వచ్చినదో వరుసగా వివరిస్తుంది. అమెరికా షెర్మన్ ట్యాంకుకు రిచర్డ్ హన్నికట్ గ్రంథం (1978) అటువంటిది. పుస్తకాన్ని ఎంచుకొనేటపుడు రచయిత తన సమాచారం ఎక్కడిదో చెప్పాడా లేదా అని చూడవలెను. ఆధారం చెప్పకుండా ఇతర పుస్తకాల నుండి సేకరించిన పది పుస్తకాలు ఒకే మాట చెప్పినా అవి పది సాక్ష్యాలు కావు, ఒకటే సాక్ష్యం.

చలనచిత్రాలు, ఇతరుల నమూనాలు

1998 నాటి సేవింగ్ ప్రైవేట్ ర్యాన్ చిత్రంలో కనిపించే టైగర్లు నిజమైనవి కావు. సోవియట్ టి-34 ట్యాంకులపై టైగర్ ఆకారాన్ని కట్టి వాటిని తయారు చేశారు. టైగర్‌కు ఉండవలసిన ఒకదానిపై ఒకటి చేరి ఉండే చక్రాలకు బదులు వాటికి ఒక్కొక్క వైపు ఐదు పెద్ద చక్రాలే కనిపిస్తాయి. 2014లో వచ్చిన ఫ్యూరీ చిత్రంలో మాత్రం టైగర్ 131 నే ఉపయోగించారు. ఇతరులు తయారు చేసిన నమూనాలు పని మెళకువలు నేర్చుకొనుటకు పనికివస్తాయి గాని ఆధారాలుగా పనికిరావు. వాటిలోని పొరపాటు చూసినవారి నమూనాలోకి చేరుతుంది.

రంగు విషయంలో ఇబ్బందులు

ఆధారాలు అన్నింటికంటే బలహీనంగా ఉండేది రంగు విషయంలోనే. యుద్ధకాలపు చిత్రాలలో అత్యధికం నలుపు తెలుపులలో ఉన్నవి. ఎరుపు కాంతిని గ్రహించని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముపై ఎరుపు రంగు దాదాపు నల్లగా, నీలం రంగు లేతగా పడుతుంది. అందువలన రెండు చిత్రాలలోని బూడిద ఛాయలను పోల్చి రంగును నిర్ణయించలేము. తరువాతి కాలంలో రంగులు అద్దిన చిత్రాలు అద్దినవారి ఊహను మాత్రమే తెలుపుతాయి.

వ్రాతపూర్వక ఆదేశాలు కొంత మేలు. జర్మనీ ట్యాంకులకు 1943 ఫిబ్రవరి వరకు ముదురు బూడిద రంగు, ఆ తరువాత ముదురు పసుపు మూల రంగుగా ఉన్నవి. పసుపుపై ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగుల చారలను సైనిక దళాలే వేసుకొనేవి. ముద్దగా వచ్చే ఈ రంగును నీటితో గాని పెట్రోలుతో గాని కలిపేవారు కాబట్టి ఛాయ ఒక్కో చోట ఒక్కో విధంగా ఉండేది. ఉష్ణ ప్రదేశాల కొరకు 1941లోను, 1942లోను వేర్వేరు రంగుల ఆదేశాలు వెలువడినవి. ట్యునీషియాలోని టైగర్లకు వీటిలో ఏ రంగు ఉండేదన్న విషయంపై నమూనాకారులలోను, పరిశోధకులలోను చాలా కాలంగా చర్చ ఉన్నది.

టైగర్ 131 పట్టుబడిన తేదీ

ప్రసిద్ధ విషయాలను కూడా తిరిగి పరీక్షించవలెనని చెప్పుటకు ఈ ట్యాంకు చరిత్రే ఉదాహరణ. ఇది 1943 ఏప్రిల్ 21న జెబెల్ జఫ్ఫా వద్ద పట్టుబడినదని దశాబ్దాల పాటు పుస్తకాలలో వ్రాస్తూ వచ్చారు. తరువాత యుద్ధంలో పాల్గొన్న సైనికుని కథనాన్ని ఆనాటి రికార్డులతో పోల్చి చూడగా, అది ఏప్రిల్ 24న గెరియాత్ ఎల్ అతాచ్ వద్ద పాయింట్ 174 అనే గుట్టపై పట్టుబడినదని తేలింది. దూరం, తేదీ స్వల్పంగానే మారినా, ఆ ట్యాంకును ఎదుర్కొన్న సైనికులు ఎవరన్న విషయం మారిపోయింది. ఆ దృశ్యాన్ని నమూనాగా చూపేవారికి నేల స్వరూపం, సైనికుల చిహ్నాలు కూడా మారతాయి. చరిత్ర పుస్తకాలలో ఆ గుట్టపై పోరాడినవారి పేరు లేకుండా పోవడానికి కారణం ఒక వ్యాఖ్యను పరీక్షించకుండా మరల మరల వ్రాయడమే.

భారతదేశంలో

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (2024 నుండి అహిల్యానగర్) లో 1994లో ఏర్పాటైన కావల్రీ ట్యాంక్ మ్యూజియం ట్యాంకులను దగ్గరగా చూడడానికి మన దేశంలో ముఖ్యమైన స్థలం. 1965లో అసల్ ఉత్తర్ యుద్ధంలో పట్టుబడిన పాటన్ ట్యాంకులను, సేవ నుండి తొలగించిన ఇతర ట్యాంకులను దేశంలోని పలు పట్టణాలలో స్మారకాలుగా నిలిపారు. ఇవి కొలతలకు, ఆకారానికి చక్కగా ఉపయోగపడతాయి. కాని పలుమార్లు రంగు వేయడం వలన, దూరదర్శక పరికరాలు, పనిముట్లు తీసివేయడం వలన, మూతలు వెల్డింగు చేయడం వలన సేవలో ఉన్న ట్యాంకును ఇవి పూర్తిగా పోలవు. సైనిక స్థావరాలలో ఛాయాచిత్రాలు తీయుటకు అనుమతి అవసరం.

ఆవడి కర్మాగారంలో తయారైన విజయంత వంటి ట్యాంకులకు గణతంత్ర దినోత్సవ కవాతు చిత్రాలు ఉపయోగపడతాయి. అయితే కవాతుకు ట్యాంకులను ప్రత్యేకంగా శుభ్రపరచి, రంగు వేసి తెస్తారని గుర్తుంచుకొనవలెను. పత్రికలు తరచుగా సాయుధ వాహనాలన్నింటినీ ట్యాంకులుగానే పేర్కొంటాయి. ఉదాహరణకు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని కర్మాగారంలో తయారైన బీఎంపీ-2 ట్యాంకు కాదు, పదాతిదళాన్ని మోసుకొనిపోయే పోరాట వాహనం.

ఆధారాలను సరిపోల్చే పద్ధతి

నమూనాకారులు సాధారణంగా అనుసరించే క్రమం ఇది:

# తయారు చేయవలసిన ట్యాంకును, కాలాన్ని, స్థలాన్ని నిర్ణయించుకొనుట.
# ఆ ట్యాంకు యొక్క ఆనాటి ఛాయాచిత్రాలను, లేనిచో అదే దళానికి, అదే నెలలకు చెందిన ఇతర ట్యాంకుల చిత్రాలను సేకరించుట.
# తయారీ మార్పుల తేదీలను గ్రంథాలతో సరి చూచుట.
# కొలతల చిత్రాలను, కిట్ భాగాలను తెలిసిన కొలతలతో పరీక్షించుట.
# చిత్రాలలో కనిపించని భాగాలకు సంగ్రహాలయంలోని ట్యాంకును చూచుట.
# ఏ భాగానికి ఏ ఆధారం వాడినదీ ఒక పుస్తకంలో వ్రాసుకొనుట. ఆధారం దొరకక ఊహించిన భాగాలను విడిగా గుర్తించుట.

రెండు ఆధారాలు విభేదించినపుడు ఆ ట్యాంకుకు, ఆ దినానికి దగ్గరగా ఉన్న ఆధారానికి ప్రాధాన్యం ఇస్తారు. చివరి అంశాన్ని చాలా మంది వదిలివేస్తారు గాని, కొత్త ఆధారం బయటపడినపుడు నమూనాలో ఏ భాగాన్ని సరిదిద్దవలెనో తెలియజేసేది ఆ వ్రాతయే.