చేప పిల్లలు చెరువులో వదిలే ముందు ఒక్కసారి చూసుకోండి

మత్స్యకార సొసైటీ సభ్యులకు,

ఉచిత చేప పిల్లల పంపిణీ తెలంగాణలో 2016–17లో మొదలైంది. ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులు, రిజర్వాయర్లకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు, సీజనల్ చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు ఇస్తారు. బండి రాగానే మనం అడిగేది ‘ఎన్ని లక్షలు?’ అని. లెక్క కావాల్సిందే. కానీ అందులో ఎన్ని బతుకుతాయనేది సగం నర్సరీలోనే తేలిపోతుంది.

నర్సరీలో కిక్కిరిసి పెంచితే పిల్లలకు మేత చాలదు, తెల్లవారుజామున ఆక్సిజన్ అందదు. మిగిలిన మేత, మలం కుళ్లి అమ్మోనియా తయారై మొప్పలను దెబ్బతీస్తుంది. అలాంటి పిల్ల పైకి బాగానే కనబడుతుంది గానీ పేను, పుండ్లు తొందరగా పడతాయి. బండి ఎక్కించే ముందు ఒక రోజు మేత ఆపి హాపాలో ఉంచాలి. కడుపు ఖాళీ కాకుండా సంచిలో కడితే దారిలో వేసే మలంతోనే ఆ నీళ్లు పాడైతాయి. నీళ్లు మురికిగా, నురగగా ఉన్నాయంటే అనుమానించాల్సిందే.

ఒక టబ్బులో కొన్ని పిల్లలు పోసి చేత్తో నీళ్లు గుండ్రంగా తిప్పండి. గట్టి పిల్ల ఎదురీదుతుంది, నీరసంగా ఉన్నది నీళ్లతో కొట్టుకుపోతుంది. రెక్కలు చిరిగాయా, ఒంటి మీద మచ్చలున్నాయా చూడండి. స్కేలు పెట్టి కొలవండి. పెద్ద చెరువులో అంగుళంన్నర పిల్లను వదిలితే కొర్రమట్టకు, వాలుగకు మేత పెట్టినట్టే.

పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ వదలండి. సంచి విప్పకుండా 15–20 నిమిషాలు చెరువు నీళ్లలో తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలపండి, పిల్లలు వాటంతటవే బయటికి పోవాలి. పైనుంచి గుమ్మరించొద్దు. ఇక్కడ మా తప్పూ ఒకటుంది. ఫొటోలు తీయించేది మేమే కదా, అతిథి వచ్చేదాకా మిట్టమధ్యాహ్నం బండిని కట్ట మీద ఆపిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అడుగు సంచుల్లో పిల్లలు వెల్లకిలా తేలాయి. మీ ఊళ్లో అట్లా జరుగుతుంటే మొహమాటపడకుండా ‘సార్, ముందు పిల్లల్ని వదులుదాం’ అనండి.

పిల్లలు బాగాలేకపోతే నీళ్లలో వదలకముందే ఫిషరీస్ అధికారికి చెప్పండి, సంతకానికి ముందు కాగితం మీద రాయించండి. చెరువులో పడ్డాక ఎవరూ తేల్చలేరు. వీలైతే 100 పిల్లలను అదే చెరువులో చిన్న హాపా కట్టి రెండు రోజులు ఉంచి, మూడో రోజు లెక్కపెట్టండి. ఎన్ని మిగిలాయో తేదీ వేసి సొసైటీ రిజిస్టర్‌లో రాసుకోండి.