లీడ్ గిటార్‌లో స్పీడ్ రావట్లేదా? ఒకసారి పిక్ వెళ్లే దారి చూడండి

మా తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం. రెండేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాడు. కార్డ్స్ బాగానే వాయిస్తాడు. లీడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి బిగుసుకుపోతుంది. రోజూ రాత్రి రెండు గంటలు అదే ముక్క, అదే చోట తప్పు. క్లాసులో అడిగితే ‘ఇంకా గట్టిగా ప్రాక్టీస్ చెయ్యి’ అన్నారట. చివరికి ముంజేయి నొప్పి మొదలైంది. అమ్మీ బామ్ రాస్తుంటే, ‘నా చెయ్యి ఇంతేలే భాయ్’ అని గిటార్‌ని కవర్లో పెట్టేశాడు.

ఓ ఆదివారం అతని కుడిచేతిని ఫోన్లో స్లో మోషన్‌లో వీడియో తీశాం. తప్పు ఎక్కడుందో అప్పుడు కనబడింది. ఒక తీగ నుంచి ఇంకో తీగకు మారే ప్రతిసారీ పిక్ అవసరం లేని ఒక చుట్టు తిరుగుతోంది.

అసలు లెక్క ఏంటి?

సితార్‌కి మిజ్రాబ్ ఎలాగో గిటార్‌కి పిక్ అలాంటిది. కిందికి కొడితే డౌన్ స్ట్రోక్, పైకి కొడితే అప్ స్ట్రోక్. చాలామంది మొదట నేర్చుకునేది ‘ఆల్టర్నేట్ పికింగ్’. డౌన్, అప్, డౌన్, అప్ అంటూ ఎక్కడా వరస తప్పకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అన్నిటికన్నా మందంగా ఉండే 6వ తీగ మీద 8, 10, 12 ఫ్రెట్లు, తర్వాత దాని కిందున్న 5వ తీగ మీద మళ్లీ 8, 10, 12. మొదటి మూడూ డౌన్, అప్, డౌన్. ఇప్పుడు పిక్ 6, 5 తీగల మధ్య ఖాళీలో ఉంది. వరస ప్రకారం తర్వాతిది అప్ కావాలి. అంటే 5వ తీగను తాకకుండా దాటి, అవతలికి వెళ్లి, మళ్లీ పైకి రావాలి. కామర్స్ చదివినవాణ్ణి కదా, నాకిది ఆదాయం లేని ఖర్చులా కనిపించింది. మెల్లగా వాయిస్తే భరించొచ్చు. వేగం పెరిగేకొద్దీ ఇక్కడే చెయ్యి బిగుస్తుంది.

‘ఎకానమీ పికింగ్’లో ఆ ఖర్చు ఉండదు. మూడో స్వరం తర్వాత పిక్ ఎలాగూ కిందికే వెళుతోంది కాబట్టి, అదే ఊపులో 5వ తీగను కూడా కిందికే కొడతారు. అంటే డౌన్, అప్, డౌన్. మళ్లీ డౌన్, అప్, డౌన్. వెనక్కి వచ్చేటప్పుడు దీనికి తిరగేసి: అప్, డౌన్, అప్, అప్, డౌన్, అప్.

ఈ పద్ధతిని పకడ్బందీగా పెంచినవారిలో ఫ్రాంక్ గాంబాలే ముఖ్యుడు. 1958లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పుట్టి, హాలీవుడ్‌లోని గిటార్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, అక్కడే పాఠాలు కూడా చెప్పారు. ఆయన పద్ధతిలో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. అదే దిశలో ముందుకెళ్లాలంటే తీగకు బేసి సంఖ్యలో స్వరాలు, వెనక్కి తిరగాలంటే సరి సంఖ్యలో. పై ఉదాహరణలో 5వ తీగ మీద 8, 10, 12, 10 అని నాలుగు వాయిస్తే చివరిది అప్ అవుతుంది. అక్కడి నుంచి 6వ తీగకు అప్‌తోనే ఎక్కేయొచ్చు.

అలాగని ఆల్టర్నేట్ పికింగ్ తప్పని కాదు. ఉస్తాద్ జాకిర్ హుస్సేన్‌తో ‘శక్తి’ బృందంలో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ పేరుపడ్డదే దానితో. ఒకే తీగ మీద వాయించేటప్పుడు ఎకానమీ పికింగ్ కూడా డౌన్, అప్ వరసలోనే నడుస్తుంది. తేడా వచ్చేది తీగ మారే చోటే.

ఎలా మొదలుపెట్టాలి?

పిక్‌ని బొటనవేలికీ చూపుడువేలి పక్కభాగానికీ మధ్య పట్టుకోండి. మొన కొద్దిగానే బయటికి ఉండాలి. మరీ పల్చటి పిక్ వంగిపోతుంది. 1 మిల్లీమీటర్ దరిదాపుల్లో ఉన్నదైతే మేలు.

మొదట రెండు స్వరాలే తీసుకోండి: 6వ తీగ 12వ ఫ్రెట్, 5వ తీగ 8వ ఫ్రెట్. రెండూ డౌన్. మొదటిది కొట్టాక పిక్ వెళ్లి 5వ తీగ మీద ఆనుకుని ఆగాలి. అక్కడి నుంచి తోస్తే రెండోది పలుకుతుంది. రెండుసార్లు విడివిడిగా కొట్టక్కర్లేదు.

ఆ తర్వాత మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఒక్కో బీట్‌కి ఒక్కో స్వరం చొప్పున ఆరు స్వరాలూ వాయించండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పిక్ జారుతుంది కాబట్టి రెండో డౌన్ తొందరపడి ముందే పడిపోతుంది. ఫోన్లో రికార్డు చేసి వింటే ఇట్టే దొరుకుతుంది. ఆరు స్వరాల మధ్య దూరం సమానంగా వినబడితేనే 4 లేదా 5 అంకెలు పెంచండి. ఎడమచేతి వేలు కూడా పిక్ తగిలే క్షణానికే ఫ్రెట్ మీద ఉండాలి.

నొప్పి వస్తే ఆపేయండి. రెండు గంటలు ఏకబిగిన కూర్చునే బదులు పావుగంట చొప్పున రెండు మూడుసార్లు చేస్తే చాలు. రోజులు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. ఇంట్లో పిల్లలు నేర్చుకుంటుంటే పెద్దవాళ్లు ఈ ఒక్కటి గమనించినా మంచిదే.

మా తమ్ముడు 60 నుంచి మొదలుపెట్టి నెలన్నరలో 92కి వచ్చాడు. వాడికి కావాల్సిన ముక్క ఇంకా పూర్తి స్పీడ్‌లో రాలేదు. కానీ చెయ్యి నొప్పి లేదు, గిటార్ కవర్లోంచి బయటికి వచ్చింది. నిన్న రాత్రి అమ్మీనే అడిగింది, ‘ఆ మధ్యలో ఆగిపోయేది ఇప్పుడు ఆగట్లేదేంట్రా?’ అని.