జీపు పర్దాలు తీశాక వాన పడితే...

తెర మీద టాపు లేని జీపు ఎంత అందంగా ఉంటుంది! 1969 నాటి 'ఆరాధన'లో రాజేష్ ఖన్నా కొండదారిలో రైలు పక్కన జీపులో పాడుకుంటూ పోతుంటే దేశంలో కుర్రకారు సగం పిచ్చెక్కిపోయారు. ఆ తర్వాత జీపెక్కిన మన హీరోల సంగతి మీకు నేను చెప్పాలా? కానీ ఏ డైరెక్టరూ తీయని సీను ఒకటుంది. చినుకు పడగానే హీరోగారు వెనక సీటు కింద తల దూర్చి కిటికీలు వెతుక్కోవడం!

ఆ సీనులో నేను నటించాను. లొకేషన్ వికారాబాద్ పక్కన అనంతగిరి, 2023 జూలై నెల.

అనంతగిరి షూటింగులకు కొత్తదేం కాదు. క్రిష్ తీసిన 'కొండపొలం' (2021) కథ నల్లమలలో జరుగుతుంది, కెమెరా తిరిగింది మాత్రం వికారాబాద్ అడవుల్లో. నేను వెళ్లిన యూనిట్‌కు ఒక పాత జీపు కావలసివచ్చింది. తాండూరులో నాపరాళ్ల వ్యాపారం చేసే మా మేనమామకు పాత మహీంద్రా ఉంది. బతిమాలి పట్టుకొచ్చాను. "టాపు ఉంటే ఉండనీ బ్రదర్, పర్దాలు తీసెయ్, హీరో మొహం కనబడాలి" అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.

పర్దాలంటే తెలుసుగా? రెగ్జిను ముక్క, నడుమ కిటికీలాగా పారదర్శకమైన ప్లాస్టిక్కు, అంచున గుండీలు. పక్కలకు నాలుగు, వెనక్కి ఒకటి. అయిదింటినీ పీకి, దుప్పట్లు మడిచినట్టు నాలుగేసి మడతలు పెట్టి, సీటు కింద జాకీ పక్కన కుక్కాను. రెండు నిమిషాల్లో పని అయిపోయిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా!

సాయంత్రం పేకప్ చెప్పారో లేదో, వాన. తడి చేతులతో డ్రైవరు వైపు పర్దా విప్పాను. అప్పడం విరిగిన చప్పుడు. మడత పొడుగునా చీలిక, దాని చుట్టూ తెల్లటి గీతలు. టవలు చీలికలో కుక్కి బయల్దేరాను. తాండూరు ఇంకా చాలా దూరం.

ఇక్కడొక సంగతి చెప్పాలి. టాపు ఉన్న జీపులో వాన ముందునుంచి తడపదు, వెనకనుంచి తడుపుతుంది! బండి వేగానికి చక్రాలు చిమ్మిన నీళ్లన్నీ వెనకనుంచి లోపలికి లాక్కొస్తాయి. అందుకని వాన పడితే మొదట వెనక పర్దా దించాలి. నేను చివర దించాను. అనంతగిరిలో పడిన వాన కొంత మూసీగా హైదరాబాదుకు, కొంత కాగ్నాగా తాండూరు మీదుగా భీమాకు పోతుంది, చివరికి రెండూ కృష్ణలోనే కలుస్తాయి. నా జీపులో పడింది మాత్రం ఎక్కడికీ పోలేదు, చీలమండల దాకా నిలిచింది. ఫ్లోరుకు రబ్బరు మూతలున్న చిల్లులుంటాయని, అవి పీకితే నీళ్లు పోతాయని అప్పటికి నాకు తెలియదు.

చీకటి పడింది. ఎదురుగా నాపరాళ్ల లారీ. దాని వెలుతురు పర్దా మీది తెల్ల గీతల్లో పడి కంటి ముందంతా పొగమంచులా అయిపోయింది. కుడిచేతి వైపు ఊరిదారిలోకి తిప్పి కాసేపు ఆగుదామనుకున్నాను. తిప్పాను. ఆ దారిలోంచి ఒక మోటారుసైకిలు వస్తోంది. భార్యాభర్తలు, నడుమ పసివాడు, ముగ్గురి మీదా ఒకటే ప్లాస్టిక్ కవరు. బ్రేకు తొక్కాను. తడిసిన డ్రమ్ము బ్రేకులు, ఒక పట్టాన పట్టవు. జానెడు దూరంలో ఆగింది బండి. ఆయన తిట్టలేదు. నా మొహం చూసి, పసివాడి తల తడుముకుని, వెళ్లిపోయాడు.

మామకు దాచకుండా చెప్పాను.

"గవేమన్న పంచెలా, మడతవెట్టుతందుకు?" అన్నాడు. కాసేపాగి, "బండి తడిస్తె ఆరుతది. పిలగానికి తగిల్తె ఏం జేద్దువురా?" అన్నాడు. మరి మాట్లాడలేదు. మూడు నెలలు తాళంచెవి కూడా చూపించలేదు.

పర్దాలు బాగుచేసిన ముసలాయన దగ్గర కూర్చుని అసలు విద్య నేర్చుకున్నాను. ఆ ప్లాస్టిక్కు ఎండకు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది, చల్లబడితే బిరుసెక్కుతుంది. ఏళ్ల తరబడి ఎండలో మాగింది వానాకాలం చలిగాలికి మడిస్తే విరక్క ఏమవుతుంది? కాబట్టి మడత అన్నదే వద్దు. బల్లపరుపుగా పరచాలి, చోటు లేకపోతే లావు గొట్టానికి వదులుగా చుట్టాలి. పర్దాకూ పర్దాకూ మధ్య రంగు వెలిసే భయం లేని మెత్తటి పాత నూలు దుప్పటి. దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దితే అన్నీ గీతలే, ముందు నీళ్లు పోసి కడగాలి. తడి మీద చుట్టిపెడితే బూజు. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కతో రుద్దాలి. 2020 అక్టోబరులో వచ్చిన థార్‌లోనూ టాపు మడిచే రకం వచ్చింది గనుక, ఆదివారం పూట అనంతగిరికి వచ్చే హైదరాబాదు మిత్రులు కూడా ఈ మాటలు కాస్త వింటే మంచిది.

అన్నట్టు, నీళ్లలోంచి బయటపడ్డాక నాలుగడుగులు నెమ్మదిగా పోతూ బ్రేకు మీద కాలు ఆనిస్తే ఆ వేడికి తడి ఆరుతుంది. వాగు రోడ్డు మీదికి పొర్లుతుంటే మాత్రం ఏ విద్యా పనిచేయదు. ఇవతలే ఆగి టీ తాగండి.

ఇంత నేర్చినవాణ్ణి, ఊరుకున్నానా! ఆ ఎండాకాలం పర్దాలు విప్పి దాచే పని నేనే మీద వేసుకున్నాను. దుప్పటి దొరకలేదు. ఇంట్లో సినిమా వారపత్రికలకు కొదవా? నడుమ ఆ కాగితాలే పరిచి రేకుల షెడ్డులో పెట్టాను. జూన్‌లో తీసి చూస్తే ఎండకు మెత్తబడ్డ ప్లాస్టిక్కు అచ్చు సిరానంతా పీల్చుకుంది. వెనక కిటికీ నిండా ఒక ప్రముఖ హీరోయిన్ ముఖచిత్రం, పక్కన సినిమా పేరు తలకిందులుగా!

మామ కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఎవర్రా ఈమె?"

చెప్పాను.

"మంచిగనే ఉన్నది. గాని ఎనక వచ్చే లారీ కనవడ్తలేదు" అని, పర్దా చుట్టి (మడవలేదు, చుట్టి) నా చేతికిచ్చి ముసలాయన దగ్గరికి పంపాడు. కొత్త ప్లాస్టిక్కు డబ్బులు ఈసారి నావే.