లోహపు రేణువులకు కలిసుంటే సుఖం లేదు

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న ట్రాయ్, కొలిమి మీద బతికిన ఊరు. హెన్రీ బర్డెన్ అక్కడ నడిపిన యంత్రం నిమిషానికి 60 గుర్రపు లాడాలు చేసేది. 1865లో అక్కడే బెస్సెమర్ ఉక్కు తయారీ మొదలైంది. వేడికి లోహం లోహంతో అతుక్కునే గుణం ఆ ఊరికి అన్నం పెట్టింది. అదే గుణం అమ్మోనియాను విడగొట్టే ఉత్ప్రేరకం నోట్లో మట్టి కొడుతోంది.

హైడ్రోజన్‌ను దూరం మోయడానికి ద్రవం చేయాలంటే మైనస్ 253 డిగ్రీల చలి కావాలి. అమ్మోనియాకు మైనస్ 33 చాలు. దాని బరువులో దాదాపు 17.8 శాతం హైడ్రోజనే. ఎరువుల పుణ్యమా అని దాన్ని మోసే ఓడలూ ట్యాంకులూ ఇప్పటికే ఉన్నాయి. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా ప్లాంటు తలపెట్టింది కూడా ఎగుమతిని దృష్టిలో పెట్టుకునే. చేరిన చోట హైడ్రోజన్ కోసం దాన్ని మళ్ళీ విడగొట్టాలి. ఆ పని ఉత్ప్రేరకానిది.

అమ్మోనియా ఉత్ప్రేరకం పుట్టుక ఎదురు దిశలో జరిగింది. 1909లో రసాయన శాస్త్రవేత్త హాబర్ ఆస్మియంతో అమ్మోనియాను తయారుచేసి చూపాడు. తరువాత మరో రసాయన శాస్త్రవేత్త మిట్టాష్ వేల మిశ్రమాలు పరీక్షించి, ఇనుములో కాస్త అల్యూమినా కలిపితే అది ఎక్కువ కాలం నిలుస్తుందని కనిపెట్టాడు. 1913లో జర్మనీలోని ఒప్పౌ అమ్మోనియా కర్మాగారం దాంతోనే నడిచింది. ఇనుప రేణువులు ఒకదాన్నొకటి కలుపుకోకుండా అల్యూమినా అడ్డం నిలబడేది.

విడగొట్టేటప్పుడు ఇనుము నైట్రోజన్‌ను గట్టిగా పట్టుకుని ఓ పట్టాన వదలదు. నికెల్ పట్టు వదులు, పైగా దానికి వేడి ఎక్కువ కావాలి. రుథీనియం పట్టు సరిగ్గా సరిపోతుంది కానీ ఖరీదు. అందుకే దాన్ని నానో రేణువులుగా చల్లి వాడతారు. చిక్కు అక్కడే ఉంది.

చారు మీద తేలే నూనె చుక్కలను చూడండి. రెండు చుక్కలు తాకాయంటే ఒక్కటైపోతాయి. ఉపరితలం తగ్గించుకోవడమే వాటికి ఇష్టం. రుథీనియం కరగాలంటే 2,300 డిగ్రీలు దాటాలి. అయినా 500 దగ్గరే దాని రేణువులు మెల్లగా కదిలి కలిసిపోతాయి. రేణువు అడ్డుకొలత పదింతలైతే అంతే లోహం చూపే ఉపరితలం పదో వంతుకు పడిపోతుంది. అప్పుడు విడిపోని అమ్మోనియా బయటికి జారుతుంది. ఇంధన ఘటాలకు వెళ్ళే హైడ్రోజన్‌లో అది పది కోట్లకు పది పాళ్ళు మించకూడదు.

అందుకే శాస్త్రజ్ఞులు రేణువులకు తలో గూడు కడుతున్నారు. సీరియా, అల్యూమినా వంటి ఆక్సైడ్ల మీద లోహ పరమాణువులను ఆక్సిజన్ బంధాలతో కట్టేస్తారు. కొందరు కోబాల్ట్, మాలిబ్డినం జత కలిపి రుథీనియం లాంటి పట్టు తెప్పిస్తున్నారు. ఏది చేసినా మొదటి గంట దిగుబడి చూసి మురిసిపోరు. వందల గంటలు వేడిలో నిలిపి, అప్పుడు రేణువుల కొలత తీస్తారు.

విజ్ఞానాన్ని నిత్యజీవితానికి పనికొచ్చేలా నేర్పాలని 1824లో ట్రాయ్‌లోనే రెన్సెలార్ విద్యాసంస్థ వెలిసింది. ఇప్పుడు నేర్పవలసిన పాఠం, వేడిలో ఉండి కూడా అతుక్కోని లోహాన్ని ఎలా చేయాలన్నది.