మెట్రో దిగితే మంచుబాట

శీతాకాలపు ఆదివారం పొద్దున నార్వే రాజధాని ఆస్లోలో మెట్రో ఎక్కితే చాలామంది చేతుల్లో మనిషెత్తు స్కీలు కనిపిస్తాయి. ఒకటో నంబరు రైలు మెలికలు తిరుగుతూ కొండెక్కి, సముద్రమట్టానికి 469 మీటర్ల ఎత్తున ఫ్రోగ్నెర్‌సేటెరెన్‌లో ఆగుతుంది. స్టేషన్ దాటి కాస్త నడిస్తే నూర్‌మార్కా అడవి.

మంచు కురుస్తున్న రోజున అసలు పరీక్ష బయల్దేరక ముందే మొదలవుతుంది. క్రాస్ కంట్రీ స్కీ విల్లులా వంగి ఉంటుంది. రెండు కాళ్లమీదా సమంగా నిలబడితే దాని నడిమి భాగం మంచును నొక్కదు, సాఫీగా జారుతుంది. ఒంటికాలిమీద బరువంతా మోపి తన్నితే ఆ భాగం మంచును పట్టుకుంటుంది. ఆ పట్టు ఇచ్చేది పాదం కింద స్కీకి రాసే మైనం. గట్టి చలికి ఆకుపచ్చ, ఓ మోస్తరు చలికి నీలం, సున్నా దగ్గర ఊదా, ఎరుపు. సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర కొత్త మంచు పడితే తలపండినవాళ్లు కూడా తడబడతారు. మెత్తని మైనానికి మంచు ముద్దలుగా అంటుకుంటుంది, గట్టిది రాస్తే కాలు వెనక్కి జారుతుంది. ఈ తిప్పలు పడలేనివాళ్లకు అడుగున నూగు పట్టీ ఉన్న స్కీలు వచ్చాయి. నాకు మాత్రం మైనమే ఇష్టం. అది రాయాలంటే ఆ పూట మంచును చేత్తో తాకి చూడాల్సిందే!

ఉల్లెవోల్‌సేటర్ విడిది మీదుగా సోన్స్‌వాన్ చెరువు దగ్గరికి దిగితే అక్కడా మెట్రో ఉంది. కాబట్టి ఎక్కిన చోటికే తిరిగి రానక్కర్లేదు. యంత్రం తీర్చిన జంట గాళ్లు కురిసే మంచులో పూడిపోతాయి. అప్పుడు ముందు వెళ్లేవాళ్లకు శ్రమ ఎక్కువ, వెనక వచ్చేవాళ్లకు సుఖం. ఎరుపు గుర్తులే దారి చూపుతాయి. దిగుడులో జాగ్రత్త అవసరం. నేలా ఆకాశమూ ఒకే తెలుపై ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. విడిదిలో వేడి వాఫిళ్లు దొరుకుతాయి. సంచిలో నార్వేవాళ్లు 1937 నుంచీ తింటున్న క్విక్ లంచ్ చాక్లెట్ ఉంటుంది. దాని కాగితం లోపలివైపు కొండల్లో పాటించాల్సిన నియమాలు అచ్చు వేస్తారు. వేళకు వెనుదిరగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదన్నది వాటిలో ఒకటి.

ఈ బాటలకు ప్రవేశ రుసుము లేదు. 1883లో పుట్టిన స్కీఫొరెనింగెన్ అనే సంఘం సభ్యుల చందాలతో, స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో ఆస్లో చుట్టుపక్కల 2,500 కిలోమీటర్లకు పైగా బాటలను చూసుకుంటోంది. బీడునేలలో, అడవుల్లో ఎవరైనా తిరగవచ్చని 1957 నాటి చట్టం చెబుతోంది. మంచు కప్పిన చలికాలంలో పొలాలకూ ఆ హక్కు వర్తిస్తుంది. నగరం పెరిగి అడవిని మింగేయకుండా 2009లో ఈ అడవుల కోసమే మరో చట్టం చేశారు. రాజధాని అంచునే ఇంత అడవిని అందరి సొత్తుగా నిలుపుకోవడం నా దృష్టిలో ఆ దేశం సాధించిన పెద్ద విజయం.

చదువుకో, ఉద్యోగానికో నార్వే చేరిన తెలుగు పిల్లలూ, వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులూ మంచు పడుతోందని కిటికీ దగ్గరే కూర్చోకండి. స్కీలు అద్దెకు దొరుకుతాయి. తొలిసారి చదునైన చిన్న బాట ఎంచుకోండి. డిసెంబరులో అయితే తలదీపం మరచిపోకండి, అక్కడ మూడుంబావుకల్లా పొద్దు గుంకుతుంది.