ఉద్యోగం విడిచి డిజిటల్ చిత్రకళలోకి: నిర్ణయానికి ముందు వేయవలసిన లెక్క

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• నెల జీతాన్ని, స్వతంత్ర చిత్రకారుడి రాబడిని సరిగా పోల్చగలుగుతారు.
• ఉద్యోగం మానితే మీ పొదుపు ఎన్ని నెలలు నిలుస్తుందో లెక్కకట్టగలుగుతారు.
• గీసిన బొమ్మపై హక్కు ఎప్పుడు ఎవరికి చెందుతుందో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనే చదువుతున్నారు. రామంతాపూర్‌లోనో తార్నాకలోనో ఉంటూ, రోజూ హబ్సిగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు వెళ్ళి, రాత్రి ఇంటికి వచ్చాక ట్యాబ్లెట్ మీద బొమ్మలు గీసుకునేవారు మీలో ఉండవచ్చు. "ఈ ఉద్యోగం మానేసి పూర్తిగా బొమ్మలే గీస్తే?" అన్న ప్రశ్న వారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. స్నేహితులు ధైర్యం చెబుతారు, ఇంట్లోవారు భయపడతారు. ధైర్యానికీ భయానికీ మధ్య ఒక లెక్క ఉంది. ఈ పాఠం ఆ లెక్కను గురించి.

2. మన ఎదుట ఉన్న రెండు ఉదాహరణలు

బాపుగా మనకు తెలిసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. కాని న్యాయవాద వృత్తిలో స్థిరపడలేదు, ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన అడుగు పెట్టింది బొమ్మకు డబ్బు చెల్లించే ఒక సంస్థలోకి.

రెండవ ఉదాహరణ హైదరాబాద్‌దే. రాజీవ్ చిలక అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చేసి, ప్రోగ్రామర్‌గా పనిచేశారు. ఆ ఉద్యోగం విడిచి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదివి, 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ స్థాపించారు. ఆ సంస్థకు దేశమంతటా పేరు తెచ్చిన 'ఛోటా భీమ్' పోగో చానెల్‌లో మొదలైంది 2008లో. అంటే మధ్యలో ఏడేళ్ళు. విజయగాథలు విన్నప్పుడు మనం చివరి సంవత్సరాన్నే గుర్తుపెట్టుకుంటాం, ఏడేళ్ళను మరచిపోతాం. పోగొట్టుకున్నవారి కథలు అసలు మన దాకా రావు.

3. అవకాశ వ్యయం

ఒక పని ఎంచుకున్నందువల్ల వదులుకున్న మరొక పని విలువను అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారు. ఉద్యోగం మానేవారు వదులుకునేది చేతికి వచ్చే జీతం ఒక్కటే కాదు.

ఒక ఉద్యోగిని ఊహించుకోండి. ఆమెకు చేతికి వచ్చే జీతం రూ. 38,000. యజమాని చెల్లించే భవిష్య నిధి వాటా రూ. 1,800. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఆమె విడిగా కొనుక్కుంటే నెలకు రూ. 1,500 అవుతుంది. మొత్తం రూ. 41,300. ఇంట్లోనే పనిచేస్తే కంప్యూటర్ అరుగుదల, ట్యాబ్లెట్, సాఫ్ట్‌వేర్, కరెంటు, ఇంటర్నెట్ కింద మరో రూ. 5,000 అవుతుందనుకుందాం. కాబట్టి పాత స్థితికి సమానంగా ఉండాలంటే ఆమెకు నెలకు రూ. 46,300 రావాలి.

నెలలో 25 పనిదినాలు ఉన్నా, వాటిలో సుమారు 10 రోజులు పని వెతకడం, ధర మాట్లాడటం, మార్పులు చేయడం, బాకీలు అడగడం వంటి వాటికి పోతాయి. ఈ రోజులకు ఎవరూ డబ్బు ఇవ్వరు. మిగిలిన 15 రోజులతో భాగిస్తే, గీసే రోజుకు దాదాపు రూ. 3,090 రావాలి. నాలుగు రోజులు పట్టే బొమ్మకు రూ. 12,360 అన్నమాట.

ఒక ప్రచురణకర్త అదే బొమ్మకు రూ. 6,000 ఇస్తానన్నాడనుకోండి. నెలంతా ఆ ధరకే పనిచేస్తే వచ్చేది రూ. 22,500. పని ఖర్చు, బీమా పోగా చేతిలో మిగిలేది రూ. 16,000. ఇంటి ఖర్చు రూ. 28,000 అయితే నెలనెలా రూ. 12,000 పొదుపులోంచి తీయాలి. రూ. 3 లక్షల పొదుపు 25 నెలలు వస్తుంది. అసలు పనే దొరకకపోతే నెలకు రూ. 34,500 తీయవలసి వస్తుంది, అప్పుడు తొమ్మిది నెలలు కూడా నిండవు. ఈ రెండు అంకెల మధ్యే ఆమెకున్న గడువు.

4. బొమ్మపై హక్కు ఎవరిది?

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సాధారణంగా గీసినవారే మొదటి హక్కుదారు. అయితే ఉద్యోగంలో భాగంగా గీసినదానిపై, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రం, రూపచిత్రం విషయంలోనూ, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవారిదే. అందుచేత కాగితం రాసుకోకుండా పని మొదలుపెట్టకూడదు.

హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. పత్రంలో కాలపరిమితి లేకపోతే దానిని అయిదేళ్ళుగా, ప్రాంతం లేకపోతే భారతదేశంగా పరిగణిస్తారు. "పుస్తకంలో వాడుకోవడానికి మాత్రమే" అన్న ఒక్క వాక్యం ఉంటే, అదే బొమ్మను తరువాత క్యాలెండరుకు మీరు మళ్ళీ అమ్ముకోవచ్చు.

బాకీల విషయంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ఉపయోగపడుతుంది. ఉద్యమ్ నమోదు ఉచితం. నమోదైన సూక్ష్మ సంస్థకు కొనుగోలుదారు 45 రోజులు మించకుండా చెల్లించాలి, ఆలస్యమైతే చట్టప్రకారం వడ్డీ ఇవ్వాలి. అయినా పనికి ముందే బయానా తీసుకోవడం అన్నిటికంటే సులువైన రక్షణ.

5. మారుతున్న గిరాకీ

2022 నుంచి, మాటల్లో చెబితే బొమ్మ తయారుచేసే కృత్రిమ మేధ సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఏదో ఒక బొమ్మ ఉంటే చాలనుకునేవారు ఇక చిత్రకారుడి దగ్గరకు రానవసరం లేదు. బోనం ఎత్తిన స్త్రీ నడక, ఘటం అలంకరణ, ఒక వీధి ప్రత్యేకత ఉన్నదున్నట్టు కావాలనుకునేవారు, తప్పు వస్తే దిద్ది ఇచ్చే మనిషి కావాలనుకునేవారు వస్తారు. మీ పని ఈ రెండింటిలో దేనికి చెందుతుందో నిజాయితీగా చూసుకోండి.

6. మధ్యేమార్గాలు

ఉద్యోగమా, కళా అన్నవి రెండే దారులు కావు. బొమ్మలు గీయడమే ఉద్యోగంగా చేసేవారు ఉన్నారు. యానిమేషన్ స్టూడియోలు, ప్రకటన సంస్థలు, ఆటల కంపెనీలు చిత్రకారులకు జీతమిస్తాయి. మరొక దారి, ఉద్యోగంలో ఉండగానే ఆరు నెలలు పరీక్షించుకోవడం. క్రిటా, ఇంక్‌స్కేప్, బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. ముందుగా మీ నియామక పత్రంలో బయటి పని నిషేధం ఉందేమో చదవండి. ఆరు నెలల్లో బంధుమిత్రులు కాని ముగ్గురు మీ ధరకు పని ఇచ్చారా? వారిలో ఒక్కరైనా మళ్ళీ వచ్చారా? మెచ్చుకోలు కంటే రెండోసారి వచ్చిన పని బలమైన సాక్ష్యం.

7. సారాంశం

ఉద్యోగం మానడం తప్పూ కాదు, దానంతటదే సాహసమూ కాదు. వదులుకునేదెంత, గడువెంత, హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకుని, దానిని ఇంట్లోవారి ముందు పెట్టండి. ఆ ఖర్చును మీతో పాటు భరించేది వారే కనుక, ఆ అంకెలు తెలుసుకునే హక్కు వారికి ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అవకాశ వ్యయాన్ని ఉద్యోగి ఉదాహరణతో వివరించండి.
2. పై ఉదాహరణలో ఇంటి ఖర్చు రూ. 32,000 అయితే, రూ. 6,000 ధరకు పనిచేస్తూ రూ. 3 లక్షల పొదుపుతో ఎన్ని నెలలు గడపవచ్చు?
3. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రంపై హక్కును చిత్రకారుడు నిలుపుకోవాలంటే ఏమి చేయాలి?